గుంతలో పడ్డ చక్రం: బాగు చేయించాలా, మార్చేయాలా?

పోయిన వానాకాలం ఒక రాత్రి హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి నారపల్లి వైపు వస్తున్నాను. ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన రోడ్డు కనబడకుండా నీళ్లు నిలిచాయి. ముందున్న ఆటో ఏ ఇబ్బందీ లేకుండా దాటేసింది కదా అని దాని వెనకే పోనిచ్చాను. ఆటో చక్రాల మధ్య దూరం వేరు, నా కారుది వేరు అన్న సంగతి ఎడమ ముందు చక్రం ధన్‌మని గుంతలో పడ్డాక గుర్తొచ్చింది.

మూసి ఉన్న ఒక షాపు ముందు ఆపి, ఫోన్ లైటు వేసి చూశాను. పైకి టైరు బాగానే ఉంది. గాలి మాత్రం సన్నగా బుస్సుమంటోంది. స్టెప్నీ వేసుకుని ఇంటికి చేరి, పొద్దున్నే ఆ చక్రాన్ని డిక్కీలో వేసుకుని మూడు చోట్లకు తిరిగాను. పంక్చర్ షాపతను దాన్ని నేల మీద ఒకసారి దొర్లించి, "ఏం గాదు సార్, రిమ్ము కాడ లీకైతుంది. ట్యూబ్ ఏసేస్తా, నడుస్తది" అన్నాడు. ఏడు వందలు. టైర్ల షోరూంలో రెండు టైర్లు మార్చాలన్నారు. పదమూడు వేల పైమాట. సర్వీస్ సెంటర్లో టైరు, అల్లాయ్ (అల్యూమినియం రిమ్ము), అలైన్‌మెంట్ (చక్రాలను తిన్నగా సరిచేయడం) అన్నీ కలిపి ఇంకా పెద్ద ఎస్టిమేట్ ఇచ్చి, చివర్లో "సస్పెన్షన్ విప్పి చూస్తే గానీ చెప్పలేం" అని ఒక ముక్క జోడించారు.

ఒకే చక్రం, మూడు రేట్లు. ముగ్గురూ అబద్ధమేమీ ఆడలేదు. ఎవరి దగ్గర ఏ పని జరుగుతుందో వాళ్లు ఆ పనే చెప్పారు. అందుకే రేటు అడగడానికి ముందే దెబ్బ ఎక్కడ తగిలిందో మనం చూసుకోవాలి. నేలకు ఆనే ట్రెడ్ మీదా, టైరు పక్క గోడ మీదా, రిమ్ము అంచు మీదా అన్నది తెలిస్తే ముప్పావు వంతు నిర్ణయం అయిపోయినట్టే.

ముందు ఆ రాత్రి సంగతి

గాలి పూర్తిగా పోయిన టైరుతో "పక్కనే షాపుంది కదా" అని నడపొద్దు. బండి బరువంతా టైరు పక్క గోడల మీద పడి అవి లోపల్లోపల నలిగి పొడిపొడి అవుతాయి. చిన్న రిపేరుతో పోయేది కొత్త టైరు దాకా వస్తుంది. పైగా అలా నడపడం వల్ల పెరిగిన నష్టాన్ని ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

స్టెప్నీ మిగతా నాలుగింటికన్నా సన్నగా ఉందేమో చూడండి. ఉంటే దాని మీద సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు మించొద్దని స్టిక్కర్ ఉంటుంది. అది షాపు దాకా వెళ్లడానికే, వారం రోజులు ఆఫీసుకు తిరగడానికి కాదు. 2020లో నిబంధన మారాక కొన్ని కార్లు, ముఖ్యంగా ఎలక్ట్రిక్ కార్లు, స్టెప్నీ లేకుండా పంక్చర్ కిట్‌తో వస్తున్నాయి. మేకు గుచ్చుకుంటే ఆ కిట్‌లోని ద్రవం పనికొస్తుంది. గుంత దెబ్బకు పక్క గోడ చిరిగినా, రిమ్ము వంగినా దాంతో ఏమీ కాదు. అలాంటి కారైతే టోయింగ్ బండికి ఫోన్ చేయడమే, సీసా ఖాళీ చేసి చూడక్కర్లేదు.

చక్రాన్ని ఎలా చూడాలి

గుంత అంచుకు గుద్దుకున్నప్పుడు టైరు రోటికీ రోకలికీ మధ్య పడ్డట్టు నలుగుతుంది. కింద తారు అంచు, పైన రిమ్ము అంచు. గాలి తక్కువుంటే ఇంకా ఎక్కువ నలుగుతుంది. పక్క గోడ లోపల సన్నటి దారాల పొర ఉంటుంది. గాలి ఒత్తిడిని మోసేది నిజానికి ఆ దారాలే, రబ్బరు పైన కప్పు మాత్రమే. దారాలు తెగి రబ్బరు మిగిలితే, గాలి ఆ చోట రబ్బరును బయటికి తోస్తుంది. అదే మనం చూసే బుడిపె. ఒక్కోసారి అది దెబ్బ తగిలిన రోజు కనబడదు, నాలుగైదు రోజులకు బయటపడుతుంది. కాబట్టి ఒక వారం పాటు బండి తీసే ముందు టైరు చుట్టూ చేత్తో తడిమి చూడండి.

పక్క గోడ మీద లోపలికి నొక్కుకున్నట్టు సన్నటి నిలువు గాడి కనబడి చాలామంది టెన్షన్ పడతారు. అది ఎక్కువగా టైరు తయారీలో దారాల పొర అతుకు పడిన చోటు. దాంతో ప్రమాదం లేదు. బయటికి ఉబ్బినదే ప్రమాదం.

చక్రం విప్పి రిమ్ము లోపలి వైపు, అంటే కారు కిందికి ఉండే అంచు, తప్పకుండా చూడండి. గుంత దెబ్బకు బయటి అంచు మెరుస్తూనే ఉండి లోపలి అంచు వంగడం మామూలే. నా చక్రం కూడా అంతే. గాలి తగ్గుతూ ఉంటే సబ్బు నీళ్లు వాల్వ్ దగ్గరా, రిమ్ముకూ టైరుకూ మధ్య సందులోనూ పోస్తే బుడగలు ఎక్కడ లేస్తున్నాయో తెలిసిపోతుంది.

కారు నడిపితే తెలిసేవి ఇంకో రెండు. స్టీరింగ్ 60, 80 వేగంలో వణుకుతుంటే రిమ్ము వంగి ఉండాలి, లేదా బ్యాలెన్స్ బరువు ఊడి ఉండాలి. వణుకు లేకుండా బండి ఒక పక్కకు లాగుతుంటే అలైన్‌మెంట్ దెబ్బతింది. గుంతల మీద టకటక శబ్దం కొత్తగా వస్తే అది చక్రంతో తీరే పని కాదు, కింద సస్పెన్షన్‌లో ఆర్మ్, లింక్ రాడ్, షాక్ అబ్జార్బర్ (కుదుపును తట్టుకునే భాగాలు) చూపించాలి.

టైరు: పంక్చరా, ట్యూబా, కొత్తదా

రంధ్రం ట్రెడ్ మధ్యలో ఉండి, వెడల్పు 6 మిల్లీమీటర్ల లోపుంటే రిపేరు చేయించుకోవచ్చు. బయటినుంచే గుచ్చే జిగురు పట్టీ ఆ పూటకు గట్టెక్కిస్తుంది. టైరు విప్పి లోపలినుంచి వేసే మష్రూమ్ ప్యాచ్ ఎక్కువ కాలం నిలుస్తుంది. పైగా టైరు విప్పుతారు కాబట్టి లోపల దారాలు తెగాయా లేదా అప్పుడే కనబడుతుంది. గుంతలో పడ్డ టైరుకు ఆ ఒక్క కారణంతోనైనా మష్రూమే వేయించండి.

పక్క గోడ మీద బుడిపె వచ్చినా, దారాలు కనబడేలా తెగినా అందులో బేరం లేదు. లోపల ప్యాచ్ వేస్తామన్నా, ట్యూబ్ వేస్తామన్నా, "వెనక్కి వేసుకోండి, ఏం కాదు" అన్నా వినొద్దు. ట్యూబ్ గాలిని పట్టి ఉంచుతుందే గానీ తెగిన దారాన్ని అతికించదు. నాకు ఈ విషయం నేర్పింది టైర్ల షోరూంలో పనిచేసే ఒక పెద్దాయన. నా టైరు విప్పి, లోపలికి చెయ్యి పెట్టి చూడమన్నాడు. వేలికి నూలు పోగుల్లా రెండు కొసలు తగిలాయి. "ఇది నీకు చెప్పి పగలదు బిడ్డా" అన్నాడు. పైకి అప్పటికింకా ఉబ్బు కూడా కనబడటం లేదు.

ఇక ఒకటి మార్చాలా, రెండా? ముందు రెండు టైర్లు ఒకే సైజు, ఒకే కంపెనీ, ఒకే డిజైన్ ఉండాలి. వెనక రెండూ అంతే. కొత్త కారు టైరు గాడి లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు. చట్టం ప్రకారం కారుకు కనీసం 1.6 ఉండాలి. జత టైరులో 5, 6 మిల్లీమీటర్లు మిగిలి ఉంటే ఒక్కటి కొంటే చాలు. 3 దగ్గరికొస్తే రెండూ మార్చడమే మేలు, ఆ పాతది ఎలాగూ వచ్చే వానాకాలం దాకా రాదు. నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి వెళ్లే బండైతే టైర్ల మధ్య తేడా ఇంకా తక్కువుండాలి, ఎంత వరకో యజమాని పుస్తకంలో ఉంటుంది. రెండు కొత్తవి కొంటే వాటిని వెనక వేయించండి. ముందు చక్రాలే కదా పనిచేసేవి అని షాపులో ముందు బిగించబోతారు. కానీ తడి రోడ్డు మీద వెనక టైర్లు జారితే బండి తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవర్ వల్ల కాదు.

మూడో దారి ఒకటుంది, షాపుల్లో అడిగితే తప్ప చెప్పరు. స్టెప్నీ టైరు మిగతా వాటి సైజే అయి, పెద్దగా వాడనిదైతే దాన్ని దించి అల్లాయ్‌కి ఎక్కించి, కొత్తగా కొన్న టైరును స్టెప్నీకి వేసుకోవచ్చు. కారుతో వచ్చిన కంపెనీ, డిజైన్ అదే కాబట్టి జత కుదురుతుంది. కాకపోతే తేదీ చూడండి. టైరు మీద డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3219 అంటే 2019లో 32వ వారం. ఐదారేళ్లు దాటి, సన్నటి పగుళ్లు కనబడుతున్న స్టెప్నీని ముందు చక్రానికి ఎక్కించొద్దు. కొత్త టైరు కొన్నప్పుడు కూడా ఇవే అంకెలు చూసి తీసుకోండి.

రోడ్ల పక్కన నల్లగా నిగనిగలాడే సెకండ్ హ్యాండ్ టైర్లు పేర్చి ఉంటాయి. వాటిలో ఎన్ని ఇలాంటి గుంత దెబ్బ తిన్నవో పైన చూస్తే తెలియదు. నేనైతే స్టెప్నీకి కూడా కొనను.

రిమ్ము: ఇక్కడే అసలు బేరం

టైరు విషయంలో జవాబు ఔననో కాదనో ఉంటుంది. రిమ్ము దగ్గర అలా కాదు.

ఇనుప రిమ్ము అయితే నిశ్చింతగా బెండు తీయించండి. ఇనుము వంగుతుంది గానీ తొందరగా పగలదు, సరిచేస్తే మళ్లీ గాలి నిలుస్తుంది. సుత్తితో బాదే చోటికన్నా ప్రెస్ మిషన్ ఉన్న చోటికి వెళ్లండి. బోల్టు రంధ్రాల దగ్గర వంపు ఉంటే మాత్రం మార్చేయాలి, ఇనుప రిమ్ము కొత్తదైనా అల్లాయ్‌తో పోలిస్తే చవకే.

అల్లాయ్ కథ వేరు. అది అల్యూమినియం మిశ్రమం, తయారీలోనే వేడి చేసి చల్లార్చి గట్టిపరుస్తారు. బెండు తీసేవాళ్లు గ్యాస్ మంటతో మళ్లీ వేడి చేస్తారు. ఇనుమైతే ఎర్రబడి ఎంత వేడెక్కిందో చెబుతుంది. అల్యూమినియం రంగు మారకుండానే మెత్తబడి, ఆ గట్టితనం పోగొట్టుకుంటుంది. కాబట్టి ఎంత వంగిందన్నదే ప్రశ్న. లోపలి అంచు చిన్నగా, గోరంత లోతులో వంగితే ప్రెస్ మీద సరిచేయించొచ్చు. అంచు లోపలికి మడత పడినట్టున్నా, ఒకే రిమ్ము అంతకుముందే ఒకసారి బెండు తీసినదైనా కొత్తదే తీసుకోండి.

పగులుంటే? అంచు మీద సన్నటి పగులుకు ఆర్గాన్ వెల్డింగ్ చేస్తామంటారు, రంగు వేశాక ఎక్కడ అతికారో కనబడదు కూడా. పుల్లల (స్పోకుల) మీద, మధ్య భాగంలో పగులుంటే ఎవరు ఏం చెప్పినా ఆ రిమ్ము పాత సామానుకే. అంచు పగులుకు వెల్డింగ్ విషయంలో అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. నా మాట అడిగితే, పిల్లల్ని ఎక్కించుకునే బండికి వద్దు.

బెండు తీశాక డబ్బులిచ్చే ముందు రిమ్మును ఒట్టిదే, టైరు లేకుండా, బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించండి. పక్కన నిలబడి అంచునే చూడండి. పక్కలకు ఊగినా, పైకీ కిందికీ ఎగిరినా కంటికే తెలుస్తుంది. టైరు ఎక్కించాక బ్యాలెన్స్ కోసం సీసం బిళ్లల్లాంటి బరువులు వరుసగా అంటిస్తూ పోతున్నారంటే ఇంకా అవుట్ (వంపు) ఉందనే అర్థం, ఆపి మళ్లీ ప్రెస్ మీదికి పంపమనండి. సరిచేసిన అల్లాయ్‌ను ముందు వేయకుండా వెనక వేయించుకోవడం నా పద్ధతి. వణుకు మిగిలితే స్టీరింగ్ దాకా రాదు.

కొత్తదే కొనాల్సి వస్తే కంపెనీ అల్లాయ్‌కీ బయటి బ్రాండ్ అల్లాయ్‌కీ ధరలో తేడా చాలా ఉంటుంది. బయటివి సాధారణంగా నాలుగు సెట్టుగా అమ్ముతారు, ఒక్కటి దొరకడం కష్టం. సికింద్రాబాద్‌లో రాణిగంజ్ వైపు విడి భాగాల షాపుల్లో కంపెనీ అల్లాయ్ ఒక్కటి అడిగి చూడొచ్చు, కానీ అది కొత్తదా, యాక్సిడెంట్ బండి నుంచి విప్పినదా తేల్చుకోండి. బయటిది కొంటే బోల్టుల లెక్క కుదరాలి. స్విఫ్ట్, ఐ20 లాంటివాటికి 4 బోల్టులు 100 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి, క్రెటాకు 5 బోల్టులు 114.3 మీద. అది సరిపోయినంత మాత్రాన చాలదు. మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే అంకె), మోసే బరువు కూడా సరిపోవాలి. ఇవన్నీ తలనొప్పి అనిపిస్తే, రోజూ గుంతల దారిలో తిరిగేవాళ్లు నాలుగూ ఇనుప రిమ్ములకు మారిపోవచ్చు. అందం తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది. కాకపోతే కొన్ని కార్లలో అల్లాయ్‌కీ ఇనుప రిమ్ముకూ నట్లు వేరు, అడిగి కొనండి.

ఇన్సూరెన్స్ అడగాలా, జేబులోంచి కట్టాలా

మామూలు పాలసీలో టైరు ఒక్కటే పోతే ఏమీ రాదు. బండికి కూడా అదే దెబ్బలో నష్టం జరిగితేనే టైరు ధరలో సగం ఇస్తారు. లోహపు భాగాలకు కారు వయసును బట్టి తరుగు తీస్తారు. 1500 సీసీ లోపు కారుకు మొదటి 1000 రూపాయలు మనమే భరించాలి, అంతకు మించితే 2000.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కారు వయసు మూడేళ్లు దాటింది. టైరు 6000, అల్లాయ్ 9000. టైరుకు సగం, 3000. మూడు నుంచి నాలుగేళ్ల కారుకు తరుగు 25 శాతం కాబట్టి అల్లాయ్‌కు 6750. కలిపితే 9750, అందులో 1000 తీసేస్తే చేతికొచ్చేది 8750. బాగానే ఉంది కదా అనిపిస్తుంది.

ఇప్పుడు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, చూడండి. అది 20, 25, 35, 45, 50 శాతంగా మెట్లు ఎక్కుతుంది. మీరు 35 మీదున్నారనుకుందాం. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడు 45. చేస్తే సున్నా. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. సొంత నష్టం ప్రీమియం ఏటా 8000 అనుకుంటే, క్లెయిమ్ చేయకపోతే వచ్చే తగ్గింపుతో పోలిస్తే మనం పోగొట్టుకునేది మొదటి ఏడు 3600, రెండో ఏడు 2400, ఆ తర్వాత 2000, 1200, 400. మొత్తం 9600 నష్టం. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంతకన్నా కొంచెం తక్కువే. అంటే లాభం, నష్టం దాదాపు చెల్లు. పైగా నష్టం చూసి లెక్కకట్టే సర్వేయర్ కోసం ఎదురుచూపులు, ఆ నాలుగు రోజులు క్యాబ్ ఖర్చు.

కాబట్టి ఒక టైరు, ఒక రిమ్ము అయితే జేబులోంచే. సస్పెన్షన్ ఆర్మ్, ఇంజన్ కింది చాంబర్ లాంటివి కూడా పోతే క్లెయిమ్ చేయండి. బోనస్ రక్షణ గానీ టైరు కవర్ గానీ ముందే తీసుకుని ఉంటే లెక్క మారుతుంది, పాలసీ తెరిచి చూసుకోండి. క్లెయిమ్ చేసేదైతే గుంతతో సహా అక్కడికక్కడే ఫోటోలు తీసి, రిపేరు మొదలుపెట్టకముందే కంపెనీకి చెప్పాలి. జీరో డెప్ (తరుగు తీయకుండా ఇచ్చే అదనపు కవర్) ఉందని టైరుకు పూర్తి డబ్బు వస్తుందని అనుకోవద్దు, చాలా పాలసీల్లో టైరు దాని కిందికి రాదు.

బైకుల వాళ్లకు రెండు మాటలు

పుల్లల చక్రం అవుట్ అయితే అనుభవమున్న మెకానిక్ పుల్లలు బిగించి సరిచేస్తాడు, ఖర్చు తక్కువ. అల్లాయ్ వీల్ వంగితే, ముఖ్యంగా ముందుది, బెండు తీయించడం కన్నా మార్చడం మంచిది. కారుకు ఒక చక్రం పోతే ఇంకా మూడుంటాయి. అల్లాయ్ వంగి గాలి ఆగకపోతే ట్యూబ్ వేసి పంపే షాపులున్నాయి. గాలి ఆగుతుంది, వంపు అలాగే ఉంటుంది.

టైరు కొనేటప్పుడే

ఎలాగూ కొత్త టైర్లు కొంటున్నాం కదా అని చాలామంది పెద్ద రిమ్ము, సన్నటి టైరుకు వెళ్తారు. సైజులో రెండో అంకె చూడండి. 185/65 ఆర్15 అంటే పక్క గోడ ఎత్తు 185లో 65 శాతం, దాదాపు 120 మిల్లీమీటర్లు. దాన్నే 195/50 ఆర్16 చేస్తే గోడ 97కు దిగుతుంది. చక్రం మొత్తం ఎత్తు రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది, గుంతకూ రిమ్ముకూ మధ్య ఉన్న మెత్తటి భాగం కూడా రెండు సెంటీమీటర్లకు పైగా పోతుంది. షోరూం వెలుతురులో బాగుంటుంది, మన రోడ్లకు ఆ సైజు వద్దు.

నా చక్రం సంగతి చెప్పలేదు కదా. జత టైరులో దాదాపు 6 మిల్లీమీటర్లు మిగిలి ఉంది. రెండు కొనకుండా స్టెప్నీ టైరును అల్లాయ్‌కి ఎక్కించి, ఒక్క కొత్త టైరు కొని స్టెప్నీకి వేయించాను. రిమ్ము లోపలి అంచు ప్రెస్ మీద సరిచేయించి వెనక్కి మార్పించాను. అలైన్‌మెంట్ కాగితంలో ముందు ఎడమ చక్రం అంకె ఒక్కటే ఎర్రగా వచ్చింది, దాన్ని సరిచేశారు. అంతా కలిపి పది వేల లోపే అయింది. నట్లను వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించమని షాపులో చెప్పారు. తీరా పానా పెట్టి చూస్తే ఒక నట్టు పావు చుట్టు తిరిగింది.